ఆట అదే, మాట మారింది

2019 ఏప్రిల్ 15 సాయంత్రం పారిస్‌లోని నోట్రడామ్ చర్చి పైకప్పుకు నిప్పంటుకుంది. దాదాపు 800 ఏళ్ల నాటి ఓక్ దూలాలు కొన్ని గంటల్లోనే బూడిదయ్యాయి. పైకప్పు మీద నిలిచిన ఎత్తయిన శిఖరం విరిగి లోపలికి కూలింది. ఆ దృశ్యాన్ని ప్రపంచమంతా టీవీల్లో చూసింది.

రెండు రోజుల తర్వాత ఫ్రాన్స్‌కు చెందిన వీడియో గేముల కంపెనీ యూబీసాఫ్ట్ ఒక ప్రకటన చేసింది. చర్చి పునర్నిర్మాణానికి 5 లక్షల యూరోల విరాళం ఇస్తున్నామని చెప్పింది. తన పాత గేము ‘అసాసిన్స్ క్రీడ్ యూనిటీ’ని కంప్యూటర్ వాడేవాళ్లకు వారం పాటు సొంత స్టోరులో ఉచితంగా ఇస్తామని కూడా ప్రకటించింది. ఫ్రెంచి విప్లవ కాలం నాటి పారిస్ నగరమే ఆ గేముకు రంగస్థలం. అందులో నోట్రడామ్ గోడలెక్కి పైదాకా పోవచ్చు, లోపల తిరిగి రావచ్చు.

తర్వాత జరిగింది ఆసక్తికరం. ‘స్టీమ్’ అనే మరో ఆన్‌లైన్ గేముల దుకాణంలో యూనిటీ పేజీ మీద మెచ్చుకోళ్ల వాన కురిసింది. అక్కడ ఆ గేము ఉచితం కాదు. పైగా నాలుగున్నరేళ్ల కిందట విడుదలైనప్పుడు అదే గేము ఆటగాళ్ల మధ్య నవ్వులపాలైంది. కథ మారలేదు. పాత్రలు మారలేదు. రివ్యూలు మాత్రం తిరగబడ్డాయి. అలాంటప్పుడు ఆటగాళ్లు ఇచ్చే మార్కులు దేన్ని కొలుస్తున్నట్టు? గేమునా, గేము ఆడిన మనుషులనా, ఆ రోజు లోకంలో జరిగినదాన్నా?

2014లో ఏం జరిగింది?

యూనిటీ 2014 నవంబరులో విడుదలైంది. ఇది ‘ఓపెన్ వరల్డ్’ తరహా గేము. అంటే ఆటగాడు ఒక దారి వెంటే పోనక్కర్లేదు. నగరమంతా తన ఇష్టప్రకారం తిరగవచ్చు, ఏ పని ముందు చేయాలో తానే తేల్చుకోవచ్చు. యూబీసాఫ్ట్ ఈ నగరాన్ని జనంతో నింపాలనుకుంది. విప్లవమంటే వీధిలోకి వచ్చిన జనమే కదా. తెర మీద ఒకేసారి వేల మంది గుమిగూడే దృశ్యాలను రూపొందించింది.

చిక్కు అక్కడే వచ్చింది. వీడియో గేము సినిమాలాగా ముందే తీసిపెట్టిన బొమ్మల వరుస కాదు. ఆటగాడు ఎటు తిరిగితే అటు, అప్పటికప్పుడు లెక్కగట్టి గీసే బొమ్మల వరుస. సెకనుకు 30 బొమ్మలు చూపాలంటే ఒక్కో బొమ్మకు దొరికే సమయం సుమారు 33 మిల్లీసెకన్లు. ఆ లోపునే జనంలో ఎవరెక్కడున్నారో, ఎటు నడుస్తున్నారో, వెలుగు ఎక్కడ పడుతోందో అన్నీ తేలాలి. దగ్గరున్న కొద్దిమందికి పూర్తి వివరాలతో, దూరాన ఉన్నవారికి పైపైన లెక్కలు కట్టడం ఇందుకోసం వాడే ఒక ఉపాయం. అయినా అప్పటి గేమింగ్ యంత్రాల మీద ఆ భారం ఎక్కువైంది. జనం గుమిగూడిన చోట బొమ్మలు తడబడ్డాయి.

దీనికి తోడు ప్రోగ్రామింగ్ లోపాలు బయటపడ్డాయి. పాత్రలు నేలలోకి జారిపోయాయి. కొన్ని కంప్యూటర్లలో ముఖం మీది చర్మం గీయకుండానే కళ్లూ పళ్లూ మాత్రం కనిపించాయి. ఆ భయంకరమైన బొమ్మ ఇంటర్నెట్ అంతా తిరిగింది. గేము అమ్మకానికి వచ్చిన తర్వాత కొన్ని గంటల దాకా సమీక్షలు ప్రచురించకూడదన్న షరతు ఉండటంతో, ముందే కొన్నవాళ్లకు తాము మోసపోయామనిపించింది. నవంబరు చివర్లో యూబీసాఫ్ట్ మాంట్రియల్ స్టూడియో అధిపతి యానిస్ మలా బహిరంగంగా క్షమాపణ చెప్పారు. రాబోయే అదనపు కథాభాగాన్ని అందరికీ ఉచితంగా ఇస్తామన్నారు. తర్వాత వచ్చిన మరమ్మతులతో చాలా లోపాలు తొలగాయి.

కానీ తొలి వారాల్లో పడ్డ ముద్ర తొలగలేదు. మన దగ్గర సినిమాకు మార్నింగ్ షో టాక్ ఎలాంటిదో, గేముకు మొదటి వారం రివ్యూలు అలాంటివి. తేడా ఒక్కటే. సినిమా విడుదలయ్యాక పెద్దగా మారదు. గేము మాత్రం మరమ్మతులతో నెలనెలా మారుతూ ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత కొన్నవాళ్లు ఆడే గేము మొదటి రోజు కొన్నవాళ్లు ఆడినది కాదు. కానీ ఇద్దరి రివ్యూలూ ఒకే ఖాతాలో పడతాయి.

బొటనవేలి లెక్క

స్టీమ్‌లో రివ్యూ పద్ధతి చాలా సులువు. ఈ గేమును ఇతరులకు సిఫారసు చేస్తారా, లేదా అన్నది ఒకటే ప్రశ్న. జవాబు బొటనవేలు పైకో, కిందికో. కావాలంటే నాలుగు మాటలు రాయవచ్చు. మొత్తం రివ్యూల్లో పైకి చూపినవి ఎంత శాతమో లెక్కగట్టి, దానికొక పేరు పెడతారు. 80 శాతం దాటితే బాగా సానుకూలం, 70 నుంచి 79 మధ్య ఉంటే చాలావరకు సానుకూలం, 40 నుంచి 69 మధ్య ఉంటే మిశ్రమం, ఆ కింద ప్రతికూలం.

ఇక్కడ మొదటి పొరపాటు అర్థం చేసుకోవడంలోనే జరుగుతుంది. 70 శాతం అంటే ఆ గేముకు నూటికి 70 మార్కులు వచ్చాయని చాలామంది అనుకుంటారు. నిజానికి రాసినవాళ్లలో 70 శాతం మంది సిఫారసు చేశారని మాత్రమే దానర్థం. అందరికీ ఒక మోస్తరుగా నచ్చిన గేముకు 95 శాతం రావచ్చు. కొందరికి ప్రాణమై, కొందరికి అసలు గిట్టని గేముకు 60 శాతమే రావచ్చు. ఇష్టం ఎంత గాఢమైనదో బొటనవేలు చెప్పలేదు.

రెండో పొరపాటు ఇంకా లోతైనది. ఆ శాతం గేము కొన్నవాళ్లందరిదీ కాదు, రాసినవాళ్లది. కొన్నవాళ్లలో రాసేవాళ్లు కొద్దిమందే.

ఒక్కరి మనసూ మారకుండా మార్కులు మారగలవా?

మారగలవు. ఎలాగో చూడటానికి ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. ఒక గేమును 1,000 మంది కొన్నారనుకుందాం. 700 మందికి నచ్చింది, 300 మందికి నచ్చలేదు. నచ్చినవాళ్లు ఆటలో మునిగి ఉంటారు కాబట్టి వాళ్లలో నూటికి ఇద్దరే రివ్యూ రాశారు, అంటే 14 మంది. నచ్చనివాళ్లు డబ్బు పోయిందన్న కోపంతో ఉంటారు. వాళ్లలో నూటికి పదిమంది రాశారు, అంటే 30 మంది. మొత్తం 44 రివ్యూల్లో మెచ్చుకున్నవి 14. శాతంలో సుమారు 32. దుకాణం ఆ గేముకు ‘చాలావరకు ప్రతికూలం’ అని ముద్ర వేస్తుంది. నిజానికి కొన్నవాళ్లలో 70 శాతం మందికి అది నచ్చింది.

ఇప్పుడు ఏదో ఒక సంఘటన జరిగి, నచ్చినవాళ్లకు కూడా రాయాలనిపించిందనుకుందాం. వాళ్లలోనూ నూటికి పదిమంది రాశారు. అప్పుడు మెచ్చుకునే రివ్యూలు 70, విమర్శించేవి 30. శాతం 32 నుంచి ఒక్కసారిగా 70కి ఎగబాకింది. గేములో ఒక్క అక్షరం మారలేదు. 1,000 మందిలో ఒక్కరి అభిప్రాయమూ మారలేదు. మారిందల్లా ఎవరు నోరు విప్పారన్నదే.

గణాంకశాస్త్రంలో దీన్ని ఎంపిక దోషం అంటారు. పరిశీలించేవాళ్లు మనుషులను ఎంచుకోవడం కాకుండా, మనుషులే తమంతట తాము ముందుకు వస్తే నమూనా ఒకవైపు ఒరిగిపోతుంది. రివ్యూల సంఖ్య లక్షల్లో ఉంటే ఈ దోషం పోతుందనుకోవడం పొరపాటు. సంఖ్య పెరిగితే యాదృచ్ఛిక దోషం తగ్గుతుంది. నమూనాలోనే ఉన్న వంకర తగ్గదు. బరువు తప్పు చూపే కాటాతో వెయ్యిసార్లు తూచినా తప్పు బరువే వస్తుంది.

దీనికి చరిత్రలో పేరుమోసిన ఉదాహరణ ఒకటుంది. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. వాటి ఆధారంగా ఆల్ఫ్రెడ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. ఫలితాల్లో ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. అంతకంటే ఎన్నో రెట్లు చిన్న నమూనాతో, కానీ జాగ్రత్తగా ఎంచుకున్న నమూనాతో, జార్జ్ గాలప్ గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు. లిటరరీ డైజెస్ట్ జాబితాలో ఉన్నవాళ్లు ఎవరన్నదీ, వాళ్లలో జవాబిచ్చినవాళ్లు ఎవరన్నదీ రెండూ ఆ పత్రికను దెబ్బతీశాయి.

మంటల తర్వాత మారినవి

యూనిటీ విషయానికి తిరిగి వద్దాం. 2019 ఏప్రిల్‌లో మెచ్చుకోళ్లు పెరగడానికి కారణం ఒక్కటేనా? భౌతికశాస్త్ర ప్రయోగంలో ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి మిగతావి కదలకుండా ఉంచుతారు. ఇక్కడ అలాంటి సౌకర్యం లేదు. 2014కూ 2019కూ మధ్య చాలా అంశాలు కలిసికట్టుగా మారాయి.

ఒకటి, లోపాలు. మొదట్లో నవ్వు తెప్పించిన తప్పుల్లో చాలావాటిని మరమ్మతులు సరిచేశాయి. రెండు, యంత్రాలు. 2014 నాటి కంప్యూటర్లకు మోయలేనిదిగా ఉన్న జనసమూహం కొత్త కంప్యూటర్లకు అంత బరువు కాలేదు. మూడు, ధర. కొత్తలో పూర్తి ధర పెట్టి కొన్నవాళ్ల ఆశలు వేరు, ఏళ్ల తర్వాత చవగ్గా కొన్నవాళ్ల ఆశలు వేరు. నాలుగు, కొనేవాళ్లు. లోపాల సంగతి ముందే తెలిసి కూడా కొన్నారంటే, ఆ పారిస్ నగరం మీద వాళ్లకు ముందే ఆసక్తి ఉందన్నమాట. అయిదు, కంపెనీ మీద కృతజ్ఞత. విరాళం ఇచ్చిందన్న గౌరవం. ఆరు, దుఃఖం. కళ్లముందే కాలిపోయిన కట్టడాన్ని మళ్లీ చూడాలన్న కోరిక.

స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీకి ఇది చిత్రమైన సందర్భం. సరిగ్గా అంతకు కొన్ని వారాల ముందే, 2019 మార్చిలో, ‘రివ్యూ బాంబింగ్’ మీద కొత్త విధానం ప్రకటించింది. గేముతో నేరుగా సంబంధం లేని కోపంతో జనం మూకుమ్మడిగా చెడ్డ రివ్యూలు వేయడాన్నే రివ్యూ బాంబింగ్ అంటారు. అలాంటి కాలంలో వచ్చిన రివ్యూలను శాతం లెక్కలో కలపకుండా పక్కన పెడతామన్నది ఆ విధానం. కొత్తగా కొనబోయేవాళ్లకు గేము నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి ఆ రివ్యూ పనికొస్తుందా, లేదా అన్నదే గీటురాయి. ఇప్పుడొచ్చింది తిరగేసిన బాంబు. తిట్లకు బదులు మెచ్చుకోళ్లు. వీటినీ పక్కన పెట్టాలా?

వాల్వ్ తన దగ్గరున్న సమాచారాన్ని పరిశీలించింది. రివ్యూలతో పాటు గేమును ఆడుతున్నవాళ్ల సంఖ్య కూడా పెరిగిందని గమనించింది. అంటే జనం ఊరికే బొటనవేలు పైకెత్తి వెళ్లిపోలేదు, నిజంగానే వచ్చి ఆడారు. చివరికి ఆ రివ్యూలను లెక్కలోంచి తీసేయకూడదని నిర్ణయించింది.

ఈ నిర్ణయం వెనక ఒక కీలకమైన ప్రశ్న ఉంది. మంటలకు ముందు యూనిటీలోని నోట్రడామ్ ఒక నేపథ్యం. అసలు కట్టడం అక్కడే ఉంది కాబట్టి విమానమెక్కి పోయి చూడవచ్చు. మంటల తర్వాత, మళ్లీ తలుపులు తెరిచేదాకా, ఆ పైకప్పు కింద తిరగడానికి మిగిలిన కొద్ది దారుల్లో గేము ఒకటైంది. వస్తువు మారకపోయినా దాని విలువ మారింది. అలాంటప్పుడు ఆ మెచ్చుకోలు గేముకు సంబంధం లేనిదని అనగలమా?

‘అచ్చం నిజంలాగే ఉంది’

యూనిటీ గురించి ఆటగాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఇంకొకటుంది. ఆ నగరం అచ్చం అలనాటి పారిస్‌లాగే ఉందని. ఈ మెచ్చుకోలుకు సాంకేతిక ఆధారం ఉంది. గేములో గదుల లోపలి వెలుగును, గోడ మీది నుంచి గోడ మీదికి చెదిరే కాంతితో సహా, చాలావరకు ముందే లెక్కగట్టి దాచిపెట్టారు. ఆడేటప్పుడు మళ్లీ లెక్కించే పని లేదు కాబట్టి అంత సహజంగా చూపగలిగారు. నోట్రడామ్ రూపకల్పన మీద కళాకారిణి కరోలిన్ మియూస్ సుమారు రెండేళ్లు శ్రమించారు. ఫ్రెంచి విప్లవం మీద పనిచేసిన చరిత్రకారులు జాన్-క్లెమాన్ మార్తాన్, లారాన్ త్యుర్కో సలహాలిచ్చారు.

అయినా ఆ చర్చి మీద ఒక తప్పు నిటారుగా నిలబడి ఉంది. అది శిఖరం. మధ్యయుగం నాటి పాత శిఖరం శిథిలమవడంతో 18వ శతాబ్దం చివర్లో, విప్లవ కాలానికే దాన్ని విప్పేశారు. 2019లో కూలిన శిఖరాన్ని వాస్తుశిల్పి వియోలే-ల-డ్యూక్ 19వ శతాబ్దం మధ్యలో కట్టించాడు. గేము కథ జరిగే కాలానికి అది పుట్టనేలేదు. అయినా గేములో ఉంది. శిఖరం లేని నోట్రడామ్‌ను చూస్తే నేటి ఆటగాళ్లు గుర్తుపట్టరని, ఏదో లోపించిందనుకుంటారని రూపకర్తల ఆలోచన.

చరిత్ర ప్రకారం శిఖరం లేకుండా చూపి ఉంటే ఆటగాళ్లు దాన్ని తప్పు అనుకునేవాళ్లు. తప్పుగా చూపినందుకే సరిగ్గా ఉందన్నారు. నిజంలా అనిపించడమూ, నిజం కావడమూ వేర్వేరు అనడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకదు. మనకు అలవాటైనదే మనకు నిజంగా తోస్తుంది. ఒక వాక్యాన్ని పదేపదే వింటే, అది అబద్ధమైనా, నిజమేమో అనిపించడం మొదలవుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లోనే ప్రయోగంతో చూపారు. పోస్టుకార్డుల్లో, సినిమాల్లో, ఫొటోల్లో శిఖరంతోనే చూసిన కళ్లకు శిఖరమే సత్యం.

ఇది కట్టడాలతో ఆగదు. 2014లోనే ఫ్రాన్స్ వామపక్ష నాయకుడు జాన్-లూక్ మెలాన్షాన్ ఈ గేము మీద విరుచుకుపడ్డారు. విప్లవంలో పాల్గొన్న సామాన్య ప్రజలను రక్తపిపాసులుగా, రోబెస్పియర్‌ను రాక్షసుడిగా చూపారన్నది ఆయన అభ్యంతరం. రాళ్లూ రప్పలూ సరిగ్గా ఉన్నాయని మెచ్చుకునే ఆటగాడు, ఆ రాళ్ల మధ్య నడిచే మనుషుల చిత్రణ కూడా అంతే సరైనదని తెలియకుండానే నమ్మేయవచ్చు. కంటికి కనిపించే వివరాలు సంపాదించిపెట్టిన నమ్మకం, కనిపించని వ్యాఖ్యానానికీ అప్పుగా వెళుతుంది.

కొలత వేరు, అనుభూతి వేరు

మంటల తర్వాత ఒక వదంతి పుట్టింది. గేములోని నమూనాను చూసే చర్చిని మళ్లీ కడతారట అని. వినడానికి బాగుంది కానీ పునర్నిర్మాణానికి ఆధారమైనవి వేరు. అమెరికాలోని వాసర్ కళాశాలకు చెందిన కళాచరిత్రకారుడు ఆండ్రూ టాలన్ 2010లోనే నోట్రడామ్‌ను లేజర్‌తో స్కాన్ చేశారు. లేజర్ కిరణం గోడను తాకి తిరిగి రావడాన్ని బట్టి దూరాన్ని లెక్కిస్తూ, 50కి పైగా చోట్ల నుంచి 100 కోట్లకు పైగా బిందువుల స్థానాలను నమోదు చేశారు. పొరపాటు కొన్ని మిల్లీమీటర్లే. 2014లో రెమీ ఫ్రోమాన్, సెడ్రిక్ ట్రాంటెసో అనే ఇద్దరు వాస్తుశిల్పులు పైకప్పు కింది కలప చట్రాన్ని దూలం దూలంగా కొలిచి పటాలు గీశారు. టాలన్ 2018లో మరణించారు. తన కొలతలు ఎంత అక్కరకు వస్తాయో చూడలేకపోయారు.

శిఖరాన్ని ఏ రూపంలో కట్టాలన్న వాదన ఫ్రాన్స్‌లోనూ సాగింది. ఆధునిక రూపం కావాలని కొందరు కోరారు. చివరికి 2020లో, మంటలకు ముందు ఎలా ఉండేదో అలాగే, అంటే వియోలే-ల-డ్యూక్ రూపంలోనే కట్టాలని నిర్ణయించారు. 2024 డిసెంబరులో చర్చి తిరిగి తెరుచుకుంది. గేము రూపకర్తలు, ప్రభుత్వం, వేర్వేరు దారుల్లో నడిచి, జనం జ్ఞాపకంలో ఉన్న శిఖరం దగ్గరికే చేరారు. కానీ ఒక తేడా ఉంది. అది 19వ శతాబ్దపు శిఖరమని పునర్నిర్మాణంలో పాల్గొన్నవాళ్లందరికీ తెలుసు. గేము ఆడేవాళ్లలో ఎందరికి తెలుసు?

మరి రివ్యూలను ఎలా చదవాలి?

ఆటగాళ్ల అభిప్రాయాలు పనికిరానివని దీనర్థం కాదు. అవి కొలతలే. కాకపోతే ఏ కొలతకైనా పరికరమేమిటో, పరిస్థితులేమిటో తెలియాలి.

మొదట తేదీ చూడాలి. స్టీమ్ మొత్తం శాతాన్నీ, గత 30 రోజుల శాతాన్నీ విడివిడిగా చూపుతుంది. ఏ నెలలో ఎన్ని మెచ్చుకోళ్లు, ఎన్ని విమర్శలు వచ్చాయో చూపే పట్టీని 2017లో చేర్చింది. ఆ పట్టీలో ఒక్కసారిగా లేచిన గోడ కనిపిస్తే, ఆ వారం గేములో ఏం మారింది, లోకంలో ఏం జరిగిందని అడగాలి. రెండు, రాసినవాళ్లు ఎన్ని గంటలు ఆడారో చూడాలి. మెటాక్రిటిక్ అనే సమీక్షల వేదిక 2020 నుంచి, గేము విడుదలయ్యాక 36 గంటల దాకా ఆటగాళ్ల మార్కులను తీసుకోవడం లేదు. ముందు ఆడి చూడండి, తర్వాత రాయండి అన్నదే ఉద్దేశం. మూడు, రివ్యూ ఏ ప్రశ్నకు జవాబిస్తోందో చూడాలి. గేము తడబడకుండా నడుస్తుందా అన్నది ఒక ప్రశ్న. ఆడుతుంటే ఆనందంగా ఉందా అన్నది మరొకటి. ఈ రెండింటికీ ఆటగాళ్లే సరైన సాక్షులు. చరిత్ర ఇలాగే జరిగిందా అన్నది మాత్రం వేరే ప్రశ్న. దానికి లక్ష బొటనవేళ్లు పైకి లేచినా అది రుజువు కాదు. అందుకు పత్రాలూ, కొలతలూ, వాటిని చదవగలిగినవాళ్లూ కావాలి.

2014 నవంబరులో తిట్టినవాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల తెర మీద ముఖాలు నిజంగానే మాయమయ్యాయి. 2019 ఏప్రిల్‌లో మెచ్చుకున్నవాళ్లూ అబద్ధం చెప్పలేదు. లేకుండా పోయిన పైకప్పు కింద వాళ్లు నిజంగానే మళ్లీ నడిచారు. రెండింటినీ కలిపి ఒకే శాతంగా మార్చినప్పుడు చెరిగిపోయేది తేదీ. చదివేవాళ్లు ముందుగా వెతుక్కోవలసింది కూడా దాన్నే.